నలభై మూడున్నర

అతని ఎడమ పాదం కుడిదానికన్నా కాస్త పెద్దది.
వాళ్లావిడకి కూడా తెలిసుండదు ఆ సంగతి.
నాకు తెలుసు.
అక్టోబరులో ఒక శనివారం మధ్యాహ్నం
బ్రియాన్సోన్ కోట కింద, నా కొట్లో,
మోకాళ్ల మీద కూచుని
ఇత్తడి కొలబద్దకి ఆ మడమ ఆనించి చూశాను.

నాలుగు జతలు తొడిగాడు.
ఏటవాలు చెక్క మీద ఎక్కించాను, దింపాను.
దిగేటప్పుడు వేళ్లు తగులుతున్నాయా అంటే
లేదన్నాడు, ముఖం చిట్లిస్తూనే.
మూడో జత అట్టపెట్టెకి ఫోటో తీసుకున్నాడు.
"మా ఆవిడకి చూపించాలి."
తలూపాను.

నలభై అయిదు నిమిషాలు.
పోతూ పోతూ ఒక జత లేసులు కొన్నాడు,
ఊరికే పోతే బాగుండదని.

మా నాన్న కొండ గైడ్లకి బూట్లు కుట్టేవాడు.
నేను కుట్టను, అమ్ముతాను.
ఈ మధ్య అదీ అంతంత మాత్రమే.
అందుకే కిందటేడు పార్సిళ్ల కంపెనీకి ఊఁ కొట్టి
రెండు అరలు ఖాళీ చేసి
ఎవరెవరివో పెట్టెలు పేర్చుకుంటున్నాను.
పెట్టెకి నలభై సెంట్లు.
కొన్ని రోజులు అదే బోణీ.
కొన్ని రోజులు కొట్టు కట్టేసేదాకా అదే.

మంగళవారం వ్యాను దించిన వాటిలో ఒకటి
తిబో ఎస్కల్ పేరు మీద.
ఎత్తగానే తెలిసిపోయింది.
ముప్పై ఏళ్లు మోసిన బరువుని చెయ్యి మర్చిపోదు.
సంచీ చిరిగిన మూలలోంచి అంకె కనబడుతోంది:
నలభై మూడు.

నలభై మూడు!
నాలుగో జత తెచ్చిందే అందుకు కదా.
ఆ ఇటలీ వాళ్ల అచ్చు పొట్టి, అర సైజు పెంచాలి నాయనా అని
చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదా.
అతను ఫోటో తీసింది మూడోదాన్ని.

దాచుకోవడమెందుకు, సంతోషించాను.
కరవనీ అనుకున్నాను.
రెండువేల మీటర్ల ఎత్తులో, దిగే దారిలో,
వెనక్కి తిరగడానికి వీల్లేని చోట
ఆ ఎడమ బొటనవేలి గోరు
నేరేడుపండులా అవనీ అనుకున్నాను.

ఆ రాత్రే నా కోటు బొత్తాం ఊడింది.
దానికి జోడు వెతుక్కుంటూ ఫోన్లో వేలు జార్చి
ఆర్డరు పెట్టేశాక గుర్తొచ్చింది,
గార్గుయ్ వీధిలో, మూడు గుమ్మాల అవతల, ఒర్తాన్స్.
ఆవిడ సొరుగు లాగితే గవ్వలు గలగరించినట్టుండేది.
నేనూ వేలితో తడిమి, వెలుగులో రంగు చూసుకుని,
"మళ్లీ వస్తాలే" అన్నదాన్నే.
తలూపేది.
ఇప్పుడా గోడకి అద్దెగదుల తాళాలు దాచే
ఒక ఇనప్పెట్టె వేలాడుతోంది.

నా బొత్తాలు నా కొట్టుకే వచ్చాయి.
నా పార్సిలుకి నేనే సంతకం పెట్టుకుని
నలభై సెంట్లు సంపాదించాను.

శుక్రవారం అతను వచ్చాడు.
మొహం చూడకుండా ఫోను చాపాడు.
ఈ చుట్టుపక్కల పార్సిళ్లు ఇచ్చే కొట్టు
ఇదొక్కటేనని అతనికి ముందు తెలియదనుకుంటా.
పెట్టె అందించాను.
నోరు మూసుకుందామనే ఉంది.
"ఇంట్లో తివాచీ మీదే తొడిగి చూడండి.
అడుగు మాసిందంటే వాళ్లు వెనక్కి తీసుకోరు."

చెవులు ఎర్రబడ్డాయి.
కాసేపు ఆ పెట్టెని చంటిపిల్లలా పట్టుకుని నిలబడి,
"ఆ నాలుగోది... నలభై మూడున్నర... ఉందా ఇంకా?"

"ఉంది."

"ఎంత?"

"అక్టోబరులో ఎంతో అంతే."

తలుపు గంట మోగింది. వెళ్లిపోయాడు.

వెనక్కి పంపాలన్నా ఇక్కడికే రావాలి.
దానికీ నలభై సెంట్లే.

నిచ్చెన వేసుకుని పై అరలోంచి
నాలుగో పెట్టె కిందికి దించాను.
మూత మీద దుమ్ము కోటు చేతికే తుడిచి, కౌంటరు మీద పెట్టి
చాలాసేపు చూశాను.
మళ్లీ నిచ్చెనెక్కి
పైనే పెట్టేశాను.